మిరపకాయలకు ఘాటు రాని పొద్దు

మొన్న దవాఖానల పట్నం డాక్టర్ సాబు టోపీ వదిలిపెట్టి బయటికి ఉరికిండని అందరు నవ్వుకుంటున్నరట గదా? నవ్వుకోండ్రి! గాయనను ఉరికిచ్చింది పులి కాదు, పాము కాదు. నేనే! ఎవ్వల నోటనో వినేకంటె నా నోటనే వినుండ్రి. చాయ్ చల్లారకముందే చెప్పేస్తా.

మీకు ఎరుకే, మా బావకు ఊపిరితిత్తుల జబ్బు. వల విసిరే మనిషి, పోయిన చలికాలం దగ్గి దగ్గి వలనే మొయ్యలేకపోయిండు. అప్పటి సంది షామీర్‌పేట చెరువు గట్టుకు దగ్గర్ల ఉన్న దవాఖానలనే ఉన్నడు. గాడ మందు తక్కువ, గాలి ఎక్కువ. పొడుగాటి గది. ఇటు చెరువు దిక్కు కిటికీలు, అటు సడక్ దిక్కు కిటికీలు. వానొచ్చినా, చలి పెట్టినా అన్ని తెరిచే ఉండాలె. ఒక్క రెక్క మూసినా రాహేలమ్మ నర్సమ్మ ఊకోదు. మొదటి దినమే నా చెయ్యి పట్టుకొని తీస్కపోయి చెరువు దిక్కు కిటికీ బయట నిలవెట్టింది.

"ఇగో బిడ్డా, చెరువు మీది గాలి ఈ కిటికీల నుంచి లోపటికి పోతది. మంచాల మీదికెల్లి పోయి అటు కిటికీల నుంచి ఎల్లిపోతది. వీళ్ళు దగ్గిందంత గాలి అటే కొట్టుకపోతది. నీ మొగనితోని మాట్లాడాల్నంటె గీడనే నిలవడు. సడక్ దిక్కు కిటికీల కాడ కనిపిచ్చినవో, కాలు ఇరగ్గొడ్త!"

ఇంకొకరైతే భయపడుదురు. నాకు గా మాట ఎంత సొగసుగ అనిపిచ్చిందో! యక్షగానాలల్ల రాజకుమారి కిటికీ లోపట ఉంటది, రాజకుమారుడు బయట నిలవడి చూస్తడు. మాకాడ ఉల్టా, గంతే. నా దిక్కు గాలి మా బావ దిక్కు పోతదట! అంటె నా ఊపిరి పోయి ఆయన ఊపిరిల... నేను మూడో తరగతి దాకనే చదివిన గని, గిసొంటి ముచ్చట్లు నాకు మస్తు జల్దీ అర్థమైతయి. తెల్లారి నుంచి కొప్పుల మల్లెపూలు పెట్టుకొని, కిటికీకి వీపు తిప్పి నిలవడుడు మొదలువెట్టిన.

"మల్లెలు పెట్టుకొచ్చినవానే?" లోపటికెల్లి మా బావ గొంతు.

"నీకెట్ల తెల్సు బావా?"

"మంచం దాక వాసన వస్తాంది."

ఆ దినం ఇంటికి పోతుంటె నా కాళ్ళు భూమ్మీద లేవు. మా అత్త ఎనుకకెల్లి, "తొవ్వ సూసుకుంట నడువే, చెర్ల పడ్తవు!" అని ఒకటే ఒర్లుడు.

ఇగ అసలు సంగతి. నెలకొక్కసారి పట్నం నుంచి పెద్ద డాక్టర్ సాబు మోటర్ల వస్తడు. ఎవ్వలు ఇంటికి పోవాల్నో, ఎవ్వలు ఉండాల్నో గాయన మాటనే మాట. పోయినసారి సాబు మంచం కాడికొచ్చే టైముకు మా బావ చెంబెత్తి నీళ్లు తాగుతుండె. పొలమారింది. ఖళ్ళుఖళ్ళున ఒకటే దగ్గు! సాబు గొట్టం పెట్టి ఛాతి విన్నడు, "అభీ నై" అన్నడు, పక్క మంచానికి పోయిండు. గంతే! ఇంకొక నెల ఆడనే.

పాడు దగ్గు గా ఒక్క గడియ ఆగితే ఇంటికొచ్చెటోడు గదా అని నేను ఏడ్చిన ఏడ్పు చెరువుకు తెల్సు. అప్పటి సంది మా బావ దగ్గు ఆపుకునే కసరత్తు షురూ చేసిండు. గొంతుల గురగుర అంటె చాలు, గుడ్లు పెద్దగ చేసి, మూతి బిగవట్టి, మింగి కూసుండుడు. చూస్తె కప్పను మింగిన కొంగ తీరుగ ఉండె. నాకైతే అదిగూడ అందంగనే కనిపిచ్చింది.

మొన్న మళ్ళ సాబు వచ్చే దినం. మా అత్త పొద్దుగాలనే ఎండు మిరపకాయలు, ఉప్పు నా కొంగుల ముడేసింది.

"వాడు ఆడ గడప దాటకముందే దిష్టి తియ్యి. దవాఖాన దిష్టి ఇంట్లకు తేవద్దు. నిప్పుల ఏస్తె ఘాటొచ్చిందా, దిష్టి లేనట్టు. ఘాటు రాలేదా, దిష్టి మస్తుగున్నట్టు. ఇంకిన్ని ఎయ్యి. నేను చేపల పులుసు పెడ్త, మధ్యాన్నానికి వాణ్ని తోల్కరా."

"నన్ను లోపటికి పోనియ్యరు గదత్తా?"

"కిటికీ బయటికెల్లే తిప్పు. దిష్టికి గోడలడ్డమా?"

దవాఖానల రోగుల తరపోళ్ళు వండుకునే పొయ్యిలు ఉంటయి. గాని కంపౌండు అవతల, ఆఖరి మూలకు ఉంటయి. పొయ్యిలు గంత దూరం ఎందుకు పెట్టిన్రో అప్పుడన్న నా బుర్రకు తట్టాలె. తట్టలే! నేను మా బావ పక్కన ఎడ్లబండిల కూసోని పోవుడు గురించే కల గంటున్న. గాడ మేడ్చల్ అవ్వ ఒకామె కొడుకు కోసం కూర వండుతుండె. ఆమె పొయ్యిలకెల్లి నిప్పులు తీసి పెంకుల ఏసుకొని వచ్చిన. దిష్టి అనంగనే అవ్వ గూడ కూర దించి నా ఎంబడే వచ్చింది.

ఎక్కడ కూసున్ననంటరు? చెరువు దిక్కు కిటికీ కింద! నర్సమ్మ చెప్పిన జాగ. నేను మాట తప్పే మనిషిని కాదు.

లోపట సాబు ఒక్కొక్క మంచం చూసుకుంట వస్తుండు. మా బావ నున్నగ తల దువ్వుకొని, నిటారుగ కూసోని, మూతి బిగవట్టి ఉన్నడు. నేను కిటికీ మీదికి గుప్పిట లేపి తిప్పిన. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, పోయేటోళ్ళ దిష్టి, వచ్చేటోళ్ళ దిష్టి..." నా దిష్టి అని మాత్రం అనలే. నా కండ్లు మా బావకు దిష్టెట్ల పెడ్తయి!

నిప్పుల ఏసిన. చిటపటమన్నయి. ఘాటు లేదు! వీపుకు చెరువు గాలి సల్లగ తాకుతాంది. తుమ్ము లేదు, దగ్గు లేదు.

"అవ్వా, ఘాటు వస్తలేదే!"

"అమ్మో, గంత దిష్టా బిడ్డా! ఇంకిన్ని ఎయ్యి."

గుప్పెడు ఏసిన. లేదు! నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. పొగకు కాదు, దుఃఖానికి. మా బావ అందగాడని ఊరంత చూసి చూసి గింత పని చేసిన్రా! కొంగు ముడి మొత్తం గుమ్మరిచ్చిన. అవ్వ తన కూరకు తెచ్చుకున్న మిరపకాయలు గూడ తెచ్చి ఏసింది. "నా కొడుక్కు గూడ కలిపి తియ్యి" అన్నది.

లోపట ఎవ్వలో దగ్గిన్రు. దవాఖాన గద, దగ్గుతరు అనుకున్న. ఇంకొకలు తుమ్మిన్రు. తర్వాత ఇద్దరు ముగ్గురు. తర్వాత ఒకరని లేదు, గదంత డప్పులు కొట్టినట్టు దగ్గుడే!

"అవ్వా, దిష్టి పోతాంది! ఇన్నవా?" అన్న సంబురంగ.

"క్యా హై యే! కోన్ హై ఉధర్!" సాబు అరుపు. దగ్గుకుంట, తుమ్ముకుంట సడక్ దిక్కు తలుపుల నుంచి బయటికి ఉరికిండు. టోపీ ఆడనే పడ్డది. పొగ గూడ గాయన ఎంబడే పోయింది. పాపం, దానికి నర్సమ్మ చూపిచ్చిన తొవ్వ గదే! చెరువు దిక్కు వస్తె సల్లగ బతికెటోడు.

రాహేలమ్మ కిటికీలకెల్లి తల బయట పెట్టింది. ముఖం ఎర్రగ పండు మిరపకాయ. "ఓ పిల్లా! ఏం కాలవెడుతున్నవే!" అని కుండెడు నీళ్లు నిప్పుల మీద, నా మీద కలిపి పోసింది.

తడిసిన బట్టలతోని లేచి లోపటికి చూసిన. మా బావ మంచం మీద రెండుగ వంగిండు. తువ్వాల నోటికి అడ్డం పెట్టుకొని ఆగకుంట దగ్గుతుండు. నెలంత మింగిన దగ్గు మొత్తం ఒక్కపారి బయటికొచ్చింది. నా నవ్వు, నా మల్లెలు, నా ఎడ్లబండి అన్ని ఆడనే ఆగినయి. తువ్వాలల నెత్తురు పడ్డదేమో! మల్లెపూల వాసన మంచం దాక పోతదని తెల్సిన దాన్ని, మిరపకాయల పొగ గూడ గదే తొవ్వల పోతదని ఎందుకు తట్టలే నాకు?

సాబు తిరిగొచ్చిండు. కండ్లు ఎర్రగ, ముక్కు ఇంకా ఎర్రగ. గప్పటికే పొగంత పోయింది. నర్సమ్మ నీలుగుకుంట, "సూసిన్రా సాబ్, మా కిటికీల పనితనం!" అన్నది. సాబు మా బావ చేతులకెల్లి తువ్వాల గుంజి ఇటు తిప్పిండు, అటు తిప్పిండు. తెల్లగ ఉన్నది. గొట్టం ఛాతి మీద పెట్టి విన్నడు, వీపు మీద పెట్టి విన్నడు. నేను కిటికీ ఊచలు పట్టుకొని ఊపిరి బిగవట్టిన.

"పోయినసారి దగ్గినందుకు ఆపిననుకున్నవా?" అన్నడు సాబు, వచ్చీరాని తెలుగుల. "లోపట సప్పుడుండె, గందుకు ఆపిన. దగ్గినంకనే సప్పుడు తెలుస్తది. ఇయ్యాల నేనే దగ్గుమందామనుకున్న. ఎవరో నాకన్న ముందే దగ్గిపిచ్చిన్రు." మళ్ళొకసారి విన్నడు. "సాఫ్. ఏం సప్పుడు లేదు. ఘర్ జావ్."

మా బావ నోరు తెరిచిండు. నెలంత మూసుకున్న నోరు!

సాబు నా దిక్కు ఏలు చూపిచ్చి, "గా పిల్ల నీ పెండ్లామా? తీస్కపో. జల్దీ!" అన్నడు.

మేడ్చల్ అవ్వ నా చెవుల, "వచ్చే నెలకు నా కొడుక్కోసం నేనే బుట్టెడు తెస్త" అన్నది. నర్సమ్మ విననందుకు బతికిపోయింది.

ఇంటి కాడ మా అత్త అంత విని నెత్తి కొట్టుకున్నది. "సేపలు పట్టే ఇంట్ల పుట్టి, సేపలు పట్టే ఇంటికొచ్చి! గాలెటుందో సూడకుంట వల ఎవ్వడన్న ఏస్తడానే?" అన్నది. తర్వాత కొడుకును గడపల నిలవెట్టి మళ్ళ దిష్టి తీసింది. "ముందు నీ పెండ్లాం దిష్టి" అని మొదలువెట్టింది.

ఇగ నిన్న పొద్దుగూకంగ. ఎన్ని దినాలకో మా ఇంట్ల మేమిద్దరం. కొప్పు నిండ మల్లెలు పెట్టుకొని, సిగ్గుపడుకుంట దగ్గరికి పోయిన. మా బావ మెల్లగ లేచిండు. కిటికీ తెరిచిండు. చెయ్యి బయట పెట్టి గాలెటుందో చూసిండు. నా భుజం పట్టి గాలి పోయే దిక్కు కూసోబెట్టి, తను గాలొచ్చే దిక్కు సదురుకొని కూసున్నడు.

"ఇప్పుడు చెప్పు," అన్నడు. "కొంగుల ఏం ముడేసినవ్?"