ఈవారం మామయ్య

ఈవారం మామయ్యకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఈ మహానగరంలో మంచి స్టేక్ ఎక్కడ దొరుకుతుందని అడిగితే ఏ వారానికి ఆ వారం జవాబు మార్చేసేవాడు. పోయిన వారం రైలు గేటు పక్కన అన్న మనిషి, ఈ వారం పోస్టాఫీసు వెనకాల అనేవాడు. వచ్చే వారం మళ్ళీ అడిగితే ఆ రెండు చోట్ల గురించీ జన్మలో విననట్టు మొహం పెట్టి మూడోది చెప్పేవాడు. ప్రతి జవాబూ "ఈ వారమైతే..." అనే మొదలయ్యేది. అలా కన్నవాళ్ళు పెట్టిన పేరు మరుగున పడి, ఊరు పెట్టిన పేరు నిలిచిపోయింది.

ఇప్పుడంటే ఫోన్లో రేటింగు చుక్కలు లెక్కపెట్టుకుని తినడానికి వెళుతున్నారు కానీ, ఆ రోజుల్లో ఎక్కడ ఏం బావుంటుందో మనిషిని అడిగి తెలుసుకోవాల్సిందే. నిప్పుల మీద కాల్చిన దళసరి మాంసం ముక్క గురించి అడగాలంటే మామయ్యని మించినవాడు ఎక్కడ దొరుకుతాడు? ముప్పై ఏళ్ళుగా ఆయన పని హోటళ్ళ కత్తులకి సాన పట్టడం. స్కూటరు వెనక సానరాయి పెట్టె కట్టుకుని, సోమవారం నుంచి శుక్రవారం దాకా నలభై స్టేక్ హోటళ్ళ వంటగదుల్లోకి వెనక గుమ్మంలోంచి వెళ్ళి వచ్చేవాడు. అసలు సంగతులు వెనక గుమ్మంలోంచి వెళ్ళేవాడికే తెలుస్తాయని అందరి నమ్మకం.

పోనీ అడగ్గానే చెప్పేవాడా అంటే అదీ లేదు. కళ్ళు మూసుకుని, బొటనవేలి కొసతో చూపుడువేలిని నెమ్మదిగా రాసి, కనపడని కత్తికి పదును చూస్తున్నట్టు కాసేపు తల ఊపి, అప్పుడు నోరు విప్పేవాడు. ఆ వాలకం చూస్తే ఎవరికైనా నోరూరాల్సిందే.

సెలూన్ ఆయన అలాగే నోరూరి, పెళ్ళాన్నీ బావమరిదినీ వెంటబెట్టుకుని మామయ్య చెప్పిన చోటికి వెళ్ళాడు. కుర్చీలన్నీ బల్లల మీద బోర్లించి ఉన్నాయి. సర్వరు వీళ్ళని చూసి కంగారుపడి, "ఎవరు కావాలండీ?" అన్నాడు.

"ఎవరూ అక్కర్లేదయ్యా, స్టేక్ కావాలి."

"తినడానికేనా అండీ?" అన్నాడట సర్వరు.

పళ్ళ డాక్టరుది ఇంకో కథ. వరసగా మూడు వారాలు అడిగి, మూడు చోట్లకీ వెళ్ళొచ్చి, కసి తీర్చుకోవడానికి మామయ్య దవడ పన్ను పుచ్చేదాకా కాచుకుని కూర్చున్నాడు. ఆ శుభదినం రాగానే కుర్చీలో వెనక్కి పడుకోబెట్టి, నోట్లో రెండు గొట్టాలూ ఒక అద్దమూ పెట్టి, అప్పుడు మొదలెట్టాడు.

"మొదటి వారం నేనూ, మా ఆవిడా, ఒక పిల్లి. రెండో వారం నేనూ, మా ఆవిడా. పిల్లి కూడా లేదు. మూడో వారం వంటాయన బయటికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడండీ. ఏమిటండీ ఇదంతా?"

"ఆఁ... ఊఁ..." అన్నాడు మామయ్య.

"స్టేక్ బావుంది, కాదనను. మూడు చోట్లా బావుంది. కానీ మనుషులేరండీ?"

"ఊఁ... ఆఁ..."

గొట్టాలు తీశాక మామయ్య దవడ పట్టుకుని ఒకే ఒక్క మాటన్నాడు. "ఈ వారమైతే డాక్టరుగారూ, చేపల మార్కెట్టు సందులో ఒకటుంది."

ఇంట్లో అత్తయ్య పోరు వేరు. నగరం నడిబొడ్డున దీపాల హోటల్ అని ఒకటుండేది. పైకప్పు నుంచి గాజు దీపాల గుత్తులు వేలాడేవి, గుమ్మం ముందు జనం వరస కట్టేవాళ్ళు.

"పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. ఇంతవరకూ ఆ గడప తొక్కి ఎరగను" అనేది అత్తయ్య.

"నేను వారం వారం తొక్కుతున్నానుగా."

"మీరు తొక్కేది వెనక గడప!"

"అక్కడి కత్తులు చూశావంటే నువ్వే వద్దంటావు. ఎప్పుడు చూసినా మొద్దులే. వారానికి రెండుసార్లు సాన పట్టినా అంతే."

కత్తులే అలా ఉంటే గిన్నెలెలా ఉంటాయోనని హడలిపోయి అత్తయ్య నోరు మూసుకునేది. మళ్ళీ ఓ ఆర్నెల్లదాకా ఆ ఊసెత్తేది కాదు.

ఈ జంట దగ్గరే పెరిగింది బుడంకాయ. మామయ్యకి మేనకోడలు. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే మామయ్య స్కూటరు మీద ముందు నిలబెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. పొట్టిగా గుండ్రంగా ఉందని ఆయన పెట్టిన ముద్దుపేరు అది. పెరిగి పెద్దదై కళ్ళజోళ్ళ షాపులో జనం కళ్ళు పరీక్ష చేస్తున్నా ఆ పేరు వదల్లేదు. ఆ షాపుకే ఒక సర్వేయరు నాలుగు నెలల్లో ఆరుసార్లు వచ్చి కళ్ళు పరీక్ష చేయించుకున్నాడు. ఆయన కళ్ళలో ఏ లోపమూ లేదని మొదటిసారే ఆమెకి తెలుసు.

ఇద్దరికీ పెళ్ళి చేసుకోవాలని ఉంది. అడ్డమల్లా సర్వేయరు తల్లి. ఆవిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్. ముప్పై రెండేళ్ళు బడి నడిపిన గొంతు. కొడుకు ఆవిడ మాట జవదాటడు. ఆవిడ ఊఁ అంటే పెళ్ళి, ఊహూఁ అంటే సర్వేయరు ఏం చేస్తాడో సర్వేయరుకే తెలీదు. ఆవిడకి స్టేక్ అంటే ప్రాణం. మధ్యలో గులాబిరంగు ఉండాలి, ఇసుమంత ఎక్కువైనా తక్కువైనా ప్లేటు వెనక్కి వెళ్ళిపోతుంది.

"ఈ శనివారం రెండు కుటుంబాలూ ఒకసారి కలిసి భోంచేద్దాం. అమ్మాయి తరఫువాళ్ళు ఎక్కడికి పిలుస్తారో చూస్తాను" అని కబురు పంపింది ఆవిడ.

బుడంకాయ పరుగున దీపాల హోటల్ కి వెళ్ళి అడిగింది. ఆ శనివారానికి అక్కడ టేబుళ్ళన్నీ నిండిపోయాయి. గతిలేక మామయ్య దగ్గరికే వెళ్ళింది.

"మామయ్యా, నీకు దణ్ణం పెడతాను. నీ ఈవారాలేవీ నాకొద్దు. దీపాల హోటల్ పెద్ద వంటాయన నీకు బాగా తెలుసుగా, ఐదుగురికి ఒక్క టేబుల్ ఇప్పించు. నా జీవితం దీనిమీద ఉంది."

మామయ్య కళ్ళు మూసుకున్నాడు. బొటనవేలు చూపుడువేలు మీద కదిలింది.

"టేబుల్ సంగతి నాకొదిలెయ్యవే" అన్నాడు.

శనివారం సాయంత్రం ఏడింటికి మామయ్య, అత్తయ్య, బుడంకాయ, సర్వేయరు, హెడ్మిస్ట్రెస్‌గారు దీపాల హోటల్ ముందు కలిశారు. మామయ్య చేతులు జోడించి, "రండి చెల్లెమ్మగారూ!" అన్నాడు.

"నాకు అన్నయ్యలెవరూ లేరండీ" అంది ఆవిడ.

మామయ్య ఏమాత్రం తొణక్కుండా నడక మొదలెట్టాడు. దీపాల హోటల్ దాటాడు. వరసలో నిలబడ్డ జనాన్ని దాటాడు. మూల తిరిగి టైర్ల షాపు పక్కన ఇరుకు మెట్లెక్కాడు. బుడంకాయకి అరికాలి మంట నెత్తికెక్కింది. వెనకాల హెడ్మిస్ట్రెస్‌గారు మోకాళ్ళు పట్టుకుని మెట్లు పైకే లెక్కపెడుతోంది. "ఇరవై ఒకటి... ఇరవై రెండు... ఇరవై మూడు."

పైన పదకొండు టేబుళ్ళు. పదకొండూ ఖాళీ. వీళ్ళని చూడగానే ఒకావిడ పరుగున వచ్చి ఒక్కో టేబుల్ మీదా దీపం వెలిగించబోయి, కంగారులో అగ్గిపెట్టె మొత్తం కింద పారబోసుకుంది. హెడ్మిస్ట్రెస్‌గారు కూర్చుని ఖాళీ గదిని ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చూసింది, సగం మంది ఎగ్గొట్టిన క్లాసుని చూసినట్టు.

మంచినీళ్ళ వంకన బుడంకాయ వంటగదిలోకి దూరింది. ఏడవడానికి ఇంకెక్కడా చోటు కనపడలేదు మరి.

లోపల వంటాయన పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. గోడకి అరడజను కత్తులు తళతళ మెరుస్తున్నాయి. ఆయన బుడంకాయని చూసి చప్పున చెయ్యి తుడుచుకున్నాడు.

"మీరు సాన మామయ్యగారి మేనకోడలు కదమ్మా? చెప్పారు. ఈ రాత్రి మీకు చాలా ముఖ్యమని కూడా చెప్పారు. అంత ముఖ్యమైనవాళ్ళని మా దగ్గరికి తెస్తారని అనుకోలేదు."

"కత్తులు బాగా మెరుస్తున్నాయి" అంది బుడంకాయ, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

వంటాయన మొహం చిన్నబోయింది. "అదేనమ్మా మా ఖర్మ. సోమవారం మామయ్యగారు వచ్చి ఒక్కొక్కటే బొటనవేలి మీద చూశారు. పోయిన వారం పట్టిన సాన అట్లాగే ఉంది. కత్తి అరగలేదంటే ఏంటర్థం? వారమంతా ఏమీ కొయ్యలేదని. నేను తలెత్తలేకపోయాను. ఆయన ఏమీ అడగలేదు. కత్తులు మళ్ళీ గోడకి పెట్టేసి, శనివారం ఐదుగురం వస్తాం అన్నారు. నేనూ మా ఆవిడా నిన్ననే తాళాలు ఇంటాయనకి ఇచ్చేద్దామనుకున్నాం. మీ ఐదుగురి కోసం ఒక్క రోజు ఆగాం."

సెలూన్ ఆయన, పళ్ళ డాక్టరు, ఆయన పిల్లి, చేపల మార్కెట్టు సందు, అన్నీ ఒక్కసారి బుడంకాయ కళ్ళ ముందు తిరిగాయి. ముప్పై ఏళ్ళుగా ఏ వంటగదిలో కత్తి మొద్దుబారలేదో చూసుకుంటూ, ఊళ్ళో ఆకలేసినవాళ్ళందర్నీ వారం వారం అక్కడికి తోలుతున్నాడన్నమాట ఈ మహానుభావుడు! దీపాల హోటల్ కత్తులు ఎందుకు మొద్దులో కూడా అప్పుడు తెలిసొచ్చింది. ఆమెకి కోపం పోలేదు, కానీ దానితో పాటు మామయ్య మీద పట్టలేనంత ప్రేమ కూడా ముంచుకొచ్చింది.

మంచినీళ్ళు మర్చిపోయి బయటికొచ్చేసరికి హెడ్మిస్ట్రెస్‌గారు విచారణ మొదలెట్టేసింది.

"ఎదురుగా అంత పెద్ద హోటల్ పెట్టుకుని, ఇరవై మూడు మెట్లెక్కించి నన్నిక్కడికి తేవాలన్న ఆలోచన ఎవరిది?"

సర్వేయరు పైకప్పు కొలతలు తీసుకుంటున్నవాడిలా పైకి చూస్తున్నాడు. అత్తయ్య కొంగుతో మొహం తుడుచుకుంటోంది. మామయ్య గొంతు సవరించుకున్నాడు.

"నాదేనండీ" అంది బుడంకాయ.

మామయ్య తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"ఎందుకట?"

"ఇక్కడ వంటాయనకి మన ప్లేట్లు తప్ప ఇంకో ధ్యాస ఉండదండీ. అక్కడైతే మీది నూటపదకొండో ప్లేటు."

హెడ్మిస్ట్రెస్‌గారు బుడంకాయని ఎగాదిగా చూసింది. మార్కులు వేసేముందు ఆవిడ అలాగే చూసేదట. ఇంతలో స్టేక్ వచ్చింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, ముక్క నడిమధ్యన కోసి, విప్పి, వంగి చూసింది. వంటగది గుమ్మంలోంచి మొగుడూ పెళ్ళాల తలకాయలు ఒకదాని మీద ఒకటి కనపడుతున్నాయి. బుడంకాయకి తన పెళ్ళీ, ఆ హోటల్ తాళాలూ రెండూ ఆ ముక్కలోనే ఉన్నాయనిపించింది.

ఆవిడ తిన్నది. ఇంకో ముక్క తిన్నది. "వండినాయన్ని పిలవండి."

వంటాయన చేతులు కట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"దీపాల హోటల్లోనేనండీ. పదకొండేళ్ళు."

"ఇంత బాగా చేస్తూ, ఇలా ఖాళీగా ఎందుకున్నావు?"

"మెట్లండీ. పైకి చూసి పోతారు."

"మెట్లా? అరవై మూడేళ్ళ మోకాళ్ళతో నేనెక్కలేదూ? సాకులు చెప్పకు. కింద ఒక బోర్డు పెట్టు, పెద్ద అక్షరాలతో. రిటైరైన టీచర్లం ఇరవై ఇద్దరం నెలకోసారి కలుస్తాం. వచ్చే శనివారం ఇక్కడికే వస్తున్నాం. ఆలస్యమైతే ఊరుకోను."

వంటాయన తల ఊపాడు. హెడ్మిస్ట్రెస్‌గారు మళ్ళీ ప్లేటు మీదికి వంగి, తలెత్తకుండానే, "ఆ ఉప్పు ఇలా అందుకోండి, అన్నయ్యగారూ" అంది.

ఉప్పుబుడ్డి అందించడానికి మామయ్యకి రెండు చేతులూ చాల్లేదు. సర్వేయరు పైకప్పు నుంచి కిందికి దిగాడు. బుడంకాయ బల్ల కింద అత్తయ్య చెయ్యి పట్టుకుని, విరిగిపోతుందేమో అన్నంత గట్టిగా నొక్కింది.

ఇంటికి వెళ్ళాక బుడంకాయ నిలదీసింది. "ఇన్నేళ్ళూ అందరిచేతా తిట్లు తిన్నావు. అసలు సంగతి ఒక్కరికైనా చెప్పొచ్చుగా మామయ్యా!"

"చెబితే జాలిపడి వెళతారే. జాలిపడి వచ్చారని తెలిస్తే వండినవాడు మన ముందు తలెత్తుకోగలడా? నువ్వూ ఎవరితో అనకు."

ఆమె చాలా కాలం ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు ఆమె జుట్టే నెరిసింది కాబట్టి అంటోంది.

పెళ్ళయిన ఏడాదికి, పెళ్ళిరోజు సాయంత్రం, అదే ఐదుగురూ టైర్ల షాపు పక్కకి వెళ్ళారు. జనం మెట్ల మీద పైనుంచి కింది దాకా వరస కట్టి ఉన్నారు. మామయ్య ఎలాగో సగం మెట్లెక్కి నిలబడ్డాడు. పైనుంచి వంటాయన పెళ్ళాం, కిందున్నది ఎవరో చూసే తీరిక కూడా లేకుండా, "చోటు లేదండీ! గంటపైన పడుతుంది!" అని గట్టిగా కేకేసి లోపలికి పరిగెత్తింది.

"మీరెవరో చెప్పండి, టేబుల్ వేయిస్తుంది" అంది అత్తయ్య.

"ఉష్! చెప్పావంటే ఊరుకోను" అని మామయ్య అత్తయ్య చెయ్యి పట్టుకున్నాడు. ఆ ఇరుకు మెట్ల మీద, ముందూ వెనకా జనం తోస్తుంటే, భోజనం దొరకని మనిషి అంత హాయిగా నవ్వడం అత్తయ్య అంతకుముందెన్నడూ చూడలేదట.