బి నెగెటివ్ కోసం బ్రౌజర్లో వెతుకులాట

కాశీబుగ్గలో నెట్ సెంటర్లు కొత్తగా వెలుస్తున్న ఆ రోజుల్లో, బ్రౌజర్ తెరవడం వచ్చిన ప్రతివాడూ తానో ఇంజనీరనుకునేవాడు. (నేనైతే ఇద్దరు ఇంజనీర్లతో సమానమనుకున్నాను.) అలాంటి ఓ సెంటర్లో పనిచేస్తూ, రక్తదాతల్ని వెతికే పేజీ తయారుచేసే బాధ్యత నెత్తినేసుకున్నాను. పేర్లన్నీ టెక్కలిలో మా బావ నడిపే కంప్యూటర్ ఇనిస్టిట్యూట్ సర్వర్లో ఉండేవి. "సర్వరు కాడే ఎతికించి, దొరికిన పేరొక్కటీ పంపితే సాలదేట్రా?" అన్నాడు బావ. నాకది మరీ నాటుగా తోచింది. పేర్లన్నీ ముందు బ్రౌజర్లోకి దిగాలి, మీట నొక్కగానే కావలసినవాళ్ళు రంగుల్లో మెరుస్తూ తేలాలి! "నీకు తెలీదులే బావా, లోకం మారిపోతంది" అన్నాను. 

ఓ వానాకాలం మధ్యాహ్నం అక్కుపల్లి నుంచి ఒకాయన తడుస్తూ పరిగెత్తుకొచ్చాడు. సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. మా వీధి చివరి ఆసుపత్రిలో భార్యకి కాన్పు కష్టమైంది, బి నెగెటివ్ రక్తం కావాలి. నేను కుర్చీ ముందుకి లాక్కుని, వేళ్ళు విరుచుకుని, దర్జాగా పేజీ తెరిచాను. పేర్లు దిగడం మొదలైంది. సగం దిగాక నెట్ తెగింది. మళ్ళీ మొదటికి.

"దొరికినారేటి బాబూ?"

"వత్తన్నాయి, పేర్లు వత్తన్నాయి..."

"పేర్లు నాకెందుకు బాబూ, రగతం కావాల గానీ!"

నెట్ మళ్ళీ తెగింది. అప్పటికి గానీ పౌరుషం చంపుకుని బావకి ఫోన్ చెయ్యలేదు నేను. అట్నుంచి కీబోర్డు టకటకలు, ఆ వెంటనే బావ గొంతు: "ఉన్నాడ్రా ఒకడు. కాశీబుగ్గలోనే."

"ఎవలు బావా? తొందరగా సెప్పు!"

"నువ్వేరా!"

దాతల పేర్లు రాసుకోడానికి ఊళ్ళో పెట్టిన రక్తపరీక్ష శిబిరంలో అందరితోపాటు నా గ్రూపూ తేల్చి బావకి పంపారట. నేనేనాడూ అడగలేదు. (సూది గుచ్చిన వేలు ఊదుకుంటూ ఇంటికొచ్చేశాను.) బావ అరుపు ఆయనకీ వినబడింది. నన్నోసారి, కంప్యూటర్నోసారి చూసి, నా చెయ్యి పట్టుకుని వానలోకి లాక్కుపోయాడు. రెండు తిట్టుంటే బాగుణ్ణనిపించింది.

తల్లీ, ఆడపిల్లా గట్టెక్కారు. ఆయన వార్డులో అందరికీ నన్ను చూపించి, "ఈ బాబుదే రగతం. పాపం, ఆడికే తెలీదు" అని మెచ్చుకుంటుంటే మంచం కింద దూరిపోవాలనిపించింది. మర్నాడే టెక్కలి వెళ్ళి, బావ చెప్పినట్టే పేజీ మార్చాను. బావ టీ తెప్పించాడు.

ఇప్పుడు మా ఆఫీసులో కుర్రాళ్ళు బ్రౌజర్లో వెతకాలా, సర్వర్లో వెతకాలా అని వాదించుకుని తీర్పు కోసం నా దగ్గరికి వస్తుంటారు. పెద్దమనిషిలా గొంతు సవరించుకుంటాను గానీ, చెవులు వేడెక్కిపోతాయి. వేళ్ళు విరుచుకున్న ఆ వెర్రివాణ్ణి గట్టిగా తిట్టాలనుకుంటానా, తీరా నవ్వొచ్చేస్తుంది.