ఈశాన్యంలో బరువు

రాజమండ్రిలో మేము అద్దెకున్న ఇంటి ఓనరు గారు షేర్ మార్కెట్లో ఆప్షన్స్ ట్రేడింగ్ చేసేవారు. నష్టం వచ్చినప్పుడల్లా, కంప్యూటర్ తెలిసినదాన్నని నన్ను కిందికి పిలిచేవారు. స్క్రీన్ పై అంచును ఉత్తరంగా పెట్టుకుని దానికి వాస్తు చూసేవారు.

"ఈశాన్యంలో బరువుండకూడదండి. ఆ ఆర్డర్ల ప్యానెల్ నైరుతికి జరిపేయండమ్మా."

జరిపేదాన్ని. మర్నాడు చార్టు తూర్పుకి, ఆ మర్నాడు లాభనష్టాల పట్టిక ఉత్తరానికి. "ఇక ఈ ట్రేడింగ్ మానేయండి" అందామనుకునేదాన్ని. జరపడమైతే నాకు వచ్చు, పెద్దాయనకి చెప్పడమే రాలేదు.

మొన్న వేసవిలో ఆయనే మెట్లెక్కి పైకొచ్చారు.

"ఇల్లు అమ్మేశానమ్మా. మీరు వేరేది చూసుకోవాలి."

కూర్చోమని కుర్చీ జరిపాను.

"కొన్నాయన బేరమే ఆడలేదండి. వాస్తు బ్రహ్మాండంగా ఉందన్నాడు," అన్నారు, కాస్త గర్వంగానే.