మార్తమ్మ అప్పజెప్పని ప్రసంగం

ఎనభై ఎనిమిదో సంవత్సరంలో కోరుట్ల బస్టాండు పక్క రోడ్డు మీద నాకు మైక్‌సెట్ దుకాణం ఉండేది. దుకాణమంటే ఒకటే గది. గోడ పొడుగునా హారన్లు బోర్లించి ఉండేవి. హారన్ అంటే చెట్టుకో స్తంభానికో కట్టే రేకు గొట్టం. దాని వెనక బిగించే డబ్బాను యూనిట్ అంటాం. మాట పుట్టేది యూనిట్‌లో, ఊరంతా పాకేది హారన్‌లో. మైకు ముఖం హారన్ వైపు తిరిగితే చెవులు పగిలేటట్టు కూత పెడుతుంది. దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. అది రాకుండా ఆంప్లిఫయర్ ముందు కూర్చుని వాల్యూమ్ బిళ్ల మీద వేలు పెట్టుకుని ఉండటమే మైకువాడి పని. నాకు పని నేర్పిన ఉస్తాద్ ఒకటే మాట చెప్పేవాడు. "మాట వాళ్లది, సౌండు మనది. వాళ్లేం మాట్లాడుతున్నరో నువ్వు పట్టించుకోకు."

ఆ రోజుల్లో మైకు కట్టాలంటే ఠాణాలో పర్మిషన్ తీసుకోవాలి. పెళ్లయినా, భజనయినా, మా క్రైస్తవుల ప్రార్థన కూటమైనా సరే. ఆ మైకునే నక్సలైట్ల సంఘం వాళ్లు గుంజుకుని మీటింగ్ పెడతారేమోనని పోలీసుల అనుమానం. ఠాణా మెట్లెక్కిన ప్రతి మనిషి మీదా సంఘం వాళ్లకు అనుమానం. ఈ రెండింటి మధ్య మైకువాడు ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. ఊళ్లకు ఊళ్లు వినేటట్టు నేను పలికిన మాటలు "హలో, మైక్ టెస్టింగ్" అన్నంత వరకే.

ఆ డిసెంబర్‌లో దేవదానం నా దుకాణానికి వచ్చాడు. కోరుట్ల నుంచి వేములవాడ పోయే దారిలో బస్సు దిగి కొంత నడిస్తే వాళ్ల ఊరు. ఆయన సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాడు. పదిహేను రోజులకొకసారి ఇంటికి వచ్చేవాడు. భార్య మార్తమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. పిల్లలు లేరు. ఉన్న రెండు గదుల్లో ముందు గదిని ప్రార్థనకు ఇచ్చారు. చుట్టుపక్కల మా వాళ్లు కొన్ని కుటుంబాలు ఆదివారం అక్కడే కూడేవి.

"సామేలన్నా, ఈసారి క్రిస్మస్‌కు మైకు పెట్టాలె. మేమేం పాడుతున్నమో ఊరోళ్లు గూడ ఇనాలె గద" అన్నాడు.

పర్మిషన్ కావాలని చెప్పాను. ఇద్దరం కలిసి ఠాణాకు వెళ్లాం. ఎస్సై లేడు. మరోసారి వెళ్లాం, సారు క్యాంపులో ఉన్నాడన్నారు. తర్వాత దేవదానం ఒక్కడే రెండు మూడుసార్లు తిరిగాడు. వెళ్లినప్పుడల్లా ఉతికిన తెల్ల చొక్కా వేసుకునేవాడు. బయట బల్ల మీద గంటల కొద్దీ కూర్చునేవాడు. చివరికి పర్మిషన్ దొరికింది. క్రిస్మస్ నాడు మైకు కట్టాను. దేవదానం పాటకు గొంతు కలిపితే ఊరి చివర దాకా వినిపించింది. అంత సంతోషంగా ఆయనను నేను మళ్లీ చూడలేదు.

రెండు నెలలు గడవక ముందే దళం వాళ్లు ఆయనను చావడి ముందుకు తీసుకొచ్చి, ఊరందరినీ పిలిచి, ఇతను పోలీసులకు ఖబర్లు ఇస్తున్నాడని చెప్పి చంపేశారు. నాకు ఆ సంగతి తెల్లారి బస్సు కండక్టర్ చెప్పాడు.

సమాధికి నేను వెళ్లాను. ఊరి నుంచి మనుషులు రాలేదు. ఇన్ఫార్మర్ అని చంపిన మనిషి చావుకు పోతే తమ మీద కూడా కన్ను పడుతుందని భయం. ప్రతి ఆదివారం ఆ గదిలో కూర్చున్న మా వాళ్లు కూడా రాలేదు. సిరిసిల్ల నుంచి వచ్చిన మార్తమ్మ తమ్ముడు, నేను గుంత తవ్వాం. పాస్టరయ్య చిన్న ప్రార్థన చేసి, మార్తమ్మతో మెల్లగా అన్నాడు. "అమ్మా, ఆయన మంచోడని దేవునికి తెలుసు. గంతే చాలు."

మార్తమ్మ మట్టి చేతులతోనే తలెత్తింది. "దేవునికి తెలుసయ్యగారూ. ఊరికి తెల్వది. నేను బతకాల్సింది ఊర్లనే గద."

అయ్యగారు బైబిలు మూసి చంకలో పెట్టుకున్నాడు. ఊరికి చెప్పాల్సిన జవాబు నా దగ్గర ఉంది. ఆయన ఠాణాకు ఎందుకు వెళ్లాడో నాకు తెలుసు. కానీ ఆ మాట ఎవరికి చెప్పాలో, ఎక్కడ నిలబడి చెప్పాలో నాకు తోచలేదు.

ఎండాకాలంలో కోరుట్లలో పోలీసులు శాంతి సభ పెట్టారు. మైకు నన్నే కట్టమన్నారు. పొద్దున షామియానా కింద హారన్లు సర్దుతుంటే వేదిక పక్కన మార్తమ్మ కనిపించింది. పక్కన పాస్టరయ్య చేతిలో కాగితం పట్టుకుని ఒక్కో వాక్యం చదువుతున్నాడు. ఆమె పెదవులు కదపడం లేదు. ఆమెకు చదువు రాదు. అందుకని కాగితంలో ఉన్నది వల్లె వేయించి వేదిక మీద అప్పజెప్పించాలని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సారు అయ్యగారికి పని పెట్టాడు.

నేను వైరు లాగుతూ దగ్గరికి పోతే నాకూ వినిపించింది. "నా భర్త దేశం కోసం పోలీసులకు సమాచారం ఇచ్చి అమరుడైనాడు" అని ఉంది అందులో. అలా చెబితే ఆమెకు సర్కారు ఇల్లు, అంగన్‌వాడీలో కొలువు ఇప్పిస్తామన్నారట.

అయ్యగారు నా వైపు చూసి, "నువ్వన్న చెప్పు సామేలూ. ఒక్క మాట అంటే ఆమె బతుకు ఒడ్డున పడ్తది" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆమె ఒంటరిదైపోయిందన్న బాధతోనే అన్నాడు.

మార్తమ్మ నన్ను ఒకటే అడిగింది. "అన్నా, ఈ మైకుల మాట్లాడితే ఎంత దూరం ఇనపడ్తది?"

"గాలి లేదు గద, బస్టాండు దాంక పోతది."

"మా ఊరోళ్లు అచ్చిండ్రా?"

ఊళ్ల నుంచి జనాన్ని లారీల్లో తెచ్చారు. వాళ్ల ఊరివాళ్లు వెనక వరుసల్లో తలలు వంచుకుని కూర్చున్నారు. చూపించాను. ఆమె కొంగు సర్దుకుంది.

పెద్ద సార్ల ఉపన్యాసాలయ్యాక ఆమెను పిలిచారు. నేను మైకు కడ్డీ ఆమె ఎత్తుకు దించి వచ్చి ఆంప్లిఫయర్ ముందు కూర్చున్నాను. మొదట ఊపిరి తప్ప ఏమీ రాలేదు. ఆ ఊపిరి కూడా హారన్లలో వినిపించింది. తర్వాత మాట్లాడింది.

"నా పేరు మార్త. దేవదానం పెండ్లాన్ని. మా ఆయన పోలీసోళ్లకు ఖబర్లు ఇచ్చిండని సంపిండ్రు. గిప్పుడు సార్లు గదే మాట పొగడ్త లెక్క నన్ను చెప్పుమంటున్నరు. ఇద్దరిది ఒకటే మాట. గది అబద్దం. ఆయన ఏ ఖబరు ఇయ్యలేదు. ఠాణకు పోయింది క్రిస్మస్ మైకు పర్మిషన్‌కు."

సర్కిల్ సారు కూర్చున్న చోటి నుంచే నా వైపు చూసి వేళ్లు తిప్పాడు. వాల్యూమ్ తగ్గించమని సైగ. నా వేలు బిళ్ల మీదనే ఉంది. దాన్ని తిప్పడానికి బలమేమీ అక్కర్లేదు. ఎన్నో సభల్లో నాయకులు సైగ చేస్తే తగ్గించినవాణ్ణే. ఆ రోజు మాత్రం వేలు కదపలేదు. ఆయన రెండోసారి సైగ చేసినా ఆమె ముఖం వైపే చూస్తూ కూర్చున్నాను.

"నా మొగని పానం తీసినోళ్లను నేను క్షమిస్తున్న. నా దేవుడు గట్ల చెయ్యుమన్నడు, చేస్తున్న. గని అబద్దాన్ని ఒప్పుకొమ్మని ఆయన నాకు చెప్పలేదు. ఇల్లిచ్చినా ఒప్పుకోను. సంపుతమన్నా..."

కానిస్టేబుల్ వచ్చి వైరు లాగేశాడు. ఆమెకు ఆ సంగతి తెలియలేదు. ఇంకా మాట్లాడుతూనే ఉంది. ముందు వరుసల వాళ్లకు వినిపించి ఉండొచ్చు. వెనక కూర్చున్న వాళ్ల ఊరివాళ్లకు మాత్రం ఆమె పెదవులు కదలడమే కనిపించింది. చివరికి అయ్యగారే చెయ్యి పట్టుకుని దింపాడు.

నన్ను ఠాణాకు తీసుకెళ్లారు. "సైగ చేస్తే ఎందుకు తగ్గించలేదురా?" అని అడిగారు.

"ఆమె మాట్లాడుడు అయిపోలేదు సార్" అన్నాను. చెంప మీద కొట్టారు. సాయంత్రానికి వదిలేశారు, ఆంప్లిఫయర్ మాత్రం అక్కడే ఉంచుకున్నారు. అది మళ్లీ నాకు చేరలేదు.

కొన్నాళ్లకు ఒకతను మధ్యాహ్నం దుకాణానికి వచ్చి, దళం అన్నలు మాట్లాడాలంటున్నారని చెప్పాడు. కాదనే మాట లేదు. వాగు అవతల మామిడి తోటలోకి తీసుకెళ్లాడు. అక్కడ నలుగురైదుగురు ఉన్నారు. అడిగిన మనిషి వయసులో నాకన్నా చిన్నవాడు, బడిపంతులులాగా నెమ్మదిగా మాట్లాడాడు.

"ఆమెను గట్ల మాట్లాడించింది ఎవరు?"

"ఎవ్వరు మాట్లాడియ్యలేదన్నా. పోలీసోళ్లు నేర్పింది ఆమె అనలేదు. ఆమెకు తెలిసింది అన్నది."

"పర్మిషన్‌కు పోయిండన్నది నిజమేనా?"

"నిజం. మొదట నేను గూడ ఎంబడి పోయిన. ఆ మైకు నాదే."

"అయితే మేము చేసింది తప్పంటవా?"

అక్కడ మైకు లేదు, జనం లేరు. నేను అవునన్నా కాదన్నా వినడానికి వాళ్లు తప్ప ఎవరూ లేరు. ఒక అబద్ధం ఆడి ఇంటికి పోయినా ప్రపంచంలో ఎవరికీ తెలియదు. మార్తమ్మకు కూడా తెలియదు.

"తప్పే అన్నా" అన్నాను.

ఆయన, "ఈ మాట ఇంకెక్కడ అనకు" అన్నాడు.

"నేను పోయి ఎవ్వరికి చెప్ప. అడిగితే మాత్రం అబద్దమాడ."

పొమ్మన్నారు. వీపు మీద వాళ్ల చూపు ఉందనుకుంటూనే వాగు దాటాను. ఇల్లు చేరి అన్నం ముందు కూర్చుని కంచం పక్కకు జరిపాను. మా ఆవిడ ఒంట్లో బాగా లేదా అని అడిగింది. అవునన్నాను. చెబితే ఆమె కూడా ఆ భయం మోయాలి. అందుకే ఆ తోట సంగతి ఏళ్ల తరబడి నాలోనే ఉంచుకున్నాను.

నెల తిరిగేలోపు మార్తమ్మ వాళ్ల ఊరి చావడి గోడకు దళం పేరుతో చిన్న పోస్టర్ అంటించి ఉంది. దేవదానం విషయంలో పొరపాటు జరిగిందని రెండు వరుసలు. మార్తమ్మకు చదివి వినిపించడానికి నేనే వెళ్లాను. ఆమె విని, గోడ వైపు చూస్తూ నిలబడింది.

"ఊరోళ్లందరిని పిలిచి నోటితోని అన్నరు గదన్నా. మల్ల నోటితోనే చెప్పాలె. గోడకు చెప్తే గోడకే తెలుస్తది" అంది.

ఎవరూ వచ్చి నోటితో చెప్పలేదు. వానలకు పోస్టర్ రాలిపోయింది.

ఆ సంవత్సరం నాకు పెళ్లిళ్ల గిరాకీ రాలేదు. తెలిసినవాళ్లే, "నీ సెట్టు మంచిదే గని సామేలూ, ఎందుకచ్చిన లొల్లి" అని పక్క దుకాణానికి పోయారు. హారన్లు అమ్ముకుని జగిత్యాలలో రేడియోలు బాగుచేసే చోట పనికి చేరాను. సెలవు దొరికిన ఆదివారం మార్తమ్మ ఇంటికి ప్రార్థనకు వెళ్లేవాణ్ణి. ఆ ముందు గదిలో ఇద్దరమే ఉండేవాళ్లం. పాట పాడితే మా గొంతు గోడకు తగిలి తిరిగి మాకే వినిపించేది. ఆమె ప్రార్థనలో ఎన్నడూ న్యాయం అడగలేదు. మనుషులను పంపమని అడిగేది.

తమ్ముడు సిరిసిల్లకు రమ్మన్నా ఆమె పోలేదు. తాను పోతే ఖబర్లు ఇచ్చాడన్న మాటే ఊళ్లో మిగిలిపోతుందనేది. బీడీల చాట తీసుకుని చావడి అరుగు మీద, ఆయనను నిలబెట్టిన చోటనే కూర్చునేది. ఆకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ, దారిన పోయేవాళ్లకు చెప్పేది, మా ఆయన ఖబర్లు ఇయ్యలేదని. కొందరు తల తిప్పుకుని పోయేవారు. కొందరు అటు రావడమే మానేశారు. అట్లా రెండేళ్లు గడిచాయి.

ఒక ఆదివారం నేను వెళ్లేసరికి ఆమె ముఖం వేరుగా ఉంది. ముందు రోజు ఎదురింటి లచ్చవ్వ తన చాట తెచ్చుకుని అరుగు మీద ఆమె పక్కన కూర్చుందట. ఇద్దరూ కొంతసేపు బీడీలు చుట్టారట. తర్వాత లచ్చవ్వ, "మార్తా, గన్నిసార్లు ఠాణకు ఎందుకు పోయిండే దేవదానం? నాకు సక్కగ చెప్పు" అని అడిగిందట.

"ఏం చెప్పినవు?" అన్నాను.

"ఏం చెప్పలేకపోయిన అన్నా. ఇన్ని దినాలు అడగనోళ్లకు చెప్పిన. అడిగేసరికి ఏడుపే అచ్చింది. లచ్చవ్వ చాట పక్కకు పెట్టి, నాకు ఏడుపు ఆగేదాంక కూసున్నది. గప్పుడు చెప్పిన."

మైకు పని చేసినన్ని రోజులు, నేను సౌండు ఇస్తే మాట చేరినట్టే అనుకున్నాను. మాట్లాడే స్వేచ్ఛ అంటే ఎవరూ వైరు లాగకుండా ఉండటమే అనుకున్నాను. అది కావలసిందే, ఇప్పటికీ కావలసిందే. కానీ పోలీసులు, అన్నలు, అయ్యగారు, నేను, ఆమె చుట్టూ ఉన్న మేమందరం ఆమె ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో ఆలోచించినవాళ్లమే. ఆమె పక్కన కూర్చుని అడిగింది మాత్రం లచ్చవ్వ ఒక్కతే.