పాత జత తెస్తేనే

కొత్త తోలు చేతితొడుగుల కట్ట విప్పితే వచ్చే వాసన ఇప్పటికీ నాకు పడదు. స్టోర్‌కీపరుని కాబట్టి విప్పక తప్పదు. విప్పినప్పుడల్లా శామ్యూల్ గారు గుర్తొస్తారు.

ఆయన లాలాగూడ దగ్గర ఇనుము పోతపోసే చిన్న కార్ఖానాలో స్టోర్‌కీపరు. రాంగోపాల్‌పేట్ నుంచి సైకిల్ మీద, చొక్కా మడత నలగకుండా వచ్చేవారు. నేను కొలిమి దగ్గర కూలీని. పోలీసు చర్యకు ముందు సరిహద్దుల్లో సరుకు ఆగిపోయి తొడుగులు కరువయ్యాయి. అప్పుడాయన ఒక పద్ధతి పెట్టారు: చిరిగిన జత తెచ్చిస్తేనే కొత్త జత. అది న్యాయమేనని మేమూ ఒప్పుకున్నాం. తర్వాత సైన్యం వచ్చింది, నిజాం పాలన పోయింది, రైళ్లలో సరుకు దిగి అలమరా నిండింది. పద్ధతి మాత్రం కదల్లేదు.

ఒకరోజు నా కుడిచేతి తొడుగు జారి కొలిమిలో పడింది. ఎడమది పట్టుకుని స్టోరు కిటికీ దగ్గరికి వెళ్లాను.

"రెండోది ఏదయ్యా?"

"భట్టీల పడ్డది సార్. కాలిపాయె."

"జత తెస్తే జత ఇస్తాను."

"బూడిద తెమ్మంటరా సార్? జెర చల్లారనియ్యిండ్రి, చాటల పోసుకొస్త."

వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. "నీకిస్తే రేపు అందరివీ కొలిమిలోనే పడతాయి" అని కిటికీ మూసేశారు.

కరిగిన ఇనుము ఆగదు. పని ఆపితే కూలీ పోతుంది. చేతికి గోనెపట్టా చుట్టుకుని గరిటె పట్టాను. ఇనుము చిందింది. అంటుకున్న గోనె ఊడిరాలేదు.

ఆసుపత్రికి ఆయన బత్తాయిలు తెచ్చారు. యజమానిని బతిమాలి నన్ను స్టోరులో పెట్టించారు. ఎడమచేత్తో అంకెలు దిద్దించారు. "వంకర పోతోంది, మళ్లీ రాయి" అనేవారు, ఎంతో ఓపికగా. మిగతా లెక్కలు నేనే నేర్చుకున్నాను. ఆ రోజు మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అలమరా అడుగు అరలో, ఎవరికీ ఇవ్వకుండా దాచిన తొడుగులు కొయ్యల్లా బిగుసుకుపోయి ఉండేవి. ఒకటి తొడుక్కోబోయాను. వేళ్లు దూరలేదు.

ఆయన ఉద్యోగం విరమించిన రోజు దండ వేశారు. "నా హయాంలో ఒక్క జత లెక్క తప్పలేదు" అన్నారాయన. అందరూ చప్పట్లు కొట్టారు. ముడుచుకుపోయిన చెయ్యి చప్పుడు చెయ్యదు.

ఇప్పుడు ఆ కిటికీ నాది. అడిగినవాడికి తొడుగులు ఇస్తాను, పాతవి అడగను. కొందరు బజారులో అమ్ముకుంటారనీ తెలుసు. ప్రతి నెలా లెక్క తగ్గుతుంది. ఎందుకు తగ్గిందని యజమాని నిలదీస్తే కుడిచెయ్యి బల్లమీద పెడతాను. ఎడమచేత్తో, శామ్యూల్ గారు దిద్దించిన ఆ గుండ్రటి అంకెల్లోనే, తగ్గింది తగ్గినట్టు రాస్తాను.