దగ్గు తెలిసిన జింక

స్కూలు బస్సు నడపడం మానేసినప్పటి నుంచీ వర్నన్ లిండ్‌క్విస్ట్ రోజూ పొద్దున్నే అడవిలాంటి కౌంటీ పార్కులో నడుస్తాడు. చెవులు కప్పే ఎర్ర టోపీ, జేబుల్లో చేతులు, నాలుగడుగులకోసారి పొడిదగ్గు. ఆ దగ్గుకు జింకలన్నీ తోకలెత్తి పరుగు తీస్తాయి. చెవి చిరిగిన ఆడజింక ఒక్కటే తలెత్తి చూసి, ఈయనేలే అన్నట్టు మళ్లీ మేతలో పడేది. తల్లిని చూసి దాని పిల్లా అదే నేర్చుకుంది. పార్కులో జింకలు మరీ పెరిగిపోయాయని ఏటా ఆకురాలే కాలంలో లాటరీ తీసి, కొందరికి విల్లుతో వేటాడే పర్మిట్లు ఇస్తారు. ఎన్నో ఏళ్లు ఎదురుచూసిన వర్నన్‌కు ఈసారి తగిలింది. తీరా మంచె ఎక్కి కూర్చున్నాక, ఎంత బిగబట్టినా దగ్గు తన్నుకొచ్చింది. గుంపు చెదిరిపోయింది. చిరిగిన చెవిది మాత్రం తలెత్తి చూసి, మళ్లీ గడ్డిలో మూతి పెట్టింది. వర్నన్ బాణం వదిలాడు.

"అంత దగ్గు పెట్టుకుని ఎలా కొట్టావయ్యా? నేను ఊపిరి పీల్చినా పారిపోతాయి" అన్నాడు, జింకను బండిలోకి ఎత్తడానికి సాయం పట్టిన పక్కింటి గ్లెన్. "అదృష్టం" అన్నాడు వర్నన్. భార్య మార్లిస్ ఏమీ అడగకూడదని, ఆ మాంసం కూర మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. ఇప్పుడు పార్కులో మఫ్లరు నోటికి అదిమిపెట్టుకుని నడుస్తాడు. మొన్న మాత్రం దగ్గు ఆగలేదు. దారి పక్కన మంచులోంచి పొడుచుకొచ్చిన గడ్డిని ఒంటరిగా మేస్తున్న ఆ జింకపిల్ల తలెత్తి చూసింది. చూసి, మళ్లీ మేతలో పడింది. వర్నన్ గుప్పెడు మంచు తీసి దాని మీదకు విసిరాడు. "పోవే" అన్నాడు. "నన్ను చూసి పారిపోవే." అది ఒంటిమీది మంచు దులుపుకుని మేస్తూనే ఉంది.