పట్టుకోవడానికి ఇంకో మనిషి

"సోమవారం పన్ను తీస్తారు. వచ్చేటప్పుడు పట్టుకోవడానికి ఇంకో మనిషిని తెచ్చుకోండి" అన్నాడు నందిగామ పళ్ళ ఆసుపత్రిలో కాంపౌండరు, వాపు తగ్గడానికి మందుల చీటీ నా చేతిలో పెడుతూ. దూడకి సూది వేయించడానికి రమ్మన్నట్టే ఉంది ఆ చెప్పడం. నా పక్కన నిలబడ్డ నా కూతురికి ఆరేళ్లు. ఆ మాట విని నా చీర కుచ్చిళ్లు గట్టిగా పట్టుకుంది.

"ఇంకెవరూ రారండి. మేమిద్దరమే వస్తాం" అన్నాను.

ఆ ఇంకో మనిషి ఎవరో నాకు బాగా తెలుసు. తొంభైల మొదట్లో, నాకు ఎనిమిదేళ్లప్పుడు, అలా వచ్చినవాడు మా మావయ్య. గౌను కొంటామని చెప్పి నాన్న, ఆయన కలిసి నన్ను జగ్గయ్యపేటలో బస్సెక్కించి ఇదే నందిగామలో దింపారు. బట్టల కొట్టు దాటిపోతున్నాం అంటే, తిరిగి వచ్చేటప్పుడు చూద్దాంలే అన్నారు. తర్వాత ఆసుపత్రి కుర్చీలో మావయ్య నా కాళ్లు పట్టుకున్నాడు, నాన్న చేతులు పట్టుకున్నాడు, ఎవరో తల పట్టుకున్నారు. పన్ను నొప్పి ఇప్పుడు గుర్తులేదు. నాన్న చేతులు గుర్తున్నాయి. మాట ప్రకారం గౌనూ కొన్నారు, ఎర్రది, కుచ్చుల చేతులది. నేను ఒక్కసారి కూడా తొడుక్కోలేదు. నేను డాక్టరు వేలు కొరికిన సంగతి మాత్రం మావాళ్లు ప్రతి పెళ్లిలోనూ చెప్పుకుని నవ్వుతారు. నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

ఇంటికొచ్చి సంగతి చెప్పగానే మా అత్తగారు అందుకుంది. "మా అబ్బాయిని వెంట తీసుకెళ్లు. దానికి మాత్రం చెప్పమాక. బొమ్మలు కొనడానికని చెప్పు."

"అబద్ధం చెప్పనత్తయ్యా."

"పిల్లల్ని బుజ్జగించి తీసుకుపోవాలి గానీ, నిజాలు చెప్పి బెదరగొడతారా ఎవరన్నా?"

అన్నం తినకపోతే పళ్ళ డాక్టరు చేత సూది పొడిపిస్తానని రోజూ దాన్ని బెదిరించే మనిషి ఈవిడ. ఆ మాటే ముఖాన అనేశాను. బూచాణ్ణి పిలవండి, పోలీసుని పిలవండి, డాక్టరుని మాత్రం ఇక పిలవొద్దన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఆ వారమంతా నేనూ నా కూతురూ పళ్ళ డాక్టరాట ఆడాం. పడక్కుర్చీ, స్టీలు చెంచా, చేతి అద్దం, అంతే సామాను. ఒకరు పడుకుని నోరు తెరిస్తే ఇంకొకరు పళ్ళు లెక్కపెట్టాలి.

"సూది వేస్తారా?" అంది ఒకరోజు.

"వేస్తారు."

"నొప్పి పుడుతుందా?"

చీమ కుట్టినట్టు ఉంటుందనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. చిన్నప్పుడు నాకూ ఆ చీమ మాటే చెప్పారు కాబట్టి మింగేశాను. "పుడుతుంది. నువ్వు ఇరవై లెక్కపెట్టేంతసేపు. తర్వాత చెంప మొద్దుబారిపోతుంది."

"ఆపమంటే ఆపుతారా?"

"చెయ్యెత్తు, ఆపుతారు. ఆపకపోతే నేనాపుతా."

తన వంతు వచ్చినప్పుడు నా నోట్లో చెంచా పెట్టి చాలాసేపు చూసింది. "అమ్మా, నీక్కూడా నల్ల పన్నుంది. నువ్వెందుకెళ్లలేదు?"

"భయమేసి" అన్నాను. ఎన్నో ఏళ్లుగా ఒకవైపే నములుతూ నెట్టుకొస్తున్నాను గానీ, ఆ మాట ఎవరితోనూ అనలేదు.

సోమవారం కాంపౌండరు మా వెనక్కి తొంగిచూశాడు. "మనిషేరండి?"

"ఇదిగో, ఈవిడే మనిషి" అని నా కూతుర్ని చూపించాను.

చెయ్యెత్తితే ఆపుతానని దానికి చెప్పమని డాక్టరుని అడిగాను. బయట పదిమంది ఉన్నారమ్మా అన్నాడాయన. అయితే విజయవాడ పోతామన్నాను. కళ్లజోడు పైనుంచి నన్నొకసారి చూసి, వంగి, దానితోనే చెప్పాడు. సూది వేస్తున్నంతసేపూ అది ఏడుస్తూనే వేళ్లతో ఇరవై లెక్కపెట్టింది. చెంప మొద్దుబారాక, పట్టకారు నోటి దగ్గరికి రాగానే దాని చెయ్యి లేచింది. అలవాటుకొద్దీ కాంపౌండరు ఆ చెయ్యి పట్టుకోబోయాడు. నేను అతని చెయ్యి పట్టుకున్నాను.

డాక్టరు ఆగాడు. "నొప్పా అమ్మా?"

కాదని తలూపింది. "ఆపుతారో లేదో చూసా" అంది వంకరపోయిన మూతితో. తర్వాత తనే నోరు తెరిచింది.

పెంకుల మీదకి విసరడానికి పన్ను కాగితంలో పొట్లం కట్టించుకుని, కుర్చీ దిగుతూ నోట్లో పెట్టిన దూదిలోంచే చెప్పింది. "మా అమ్మక్కూడా ఉందండి."

ఇంత గొడవ చేసినదాన్ని, ఇక తప్పించుకునే దారేది. కుర్చీ ఎక్కాను. సూది కనబడగానే నా చెయ్యి లేచిపోయింది.

"ఆపండి" అంది నా కూతురు.

ఆయన ఆగాడు.